మెరిగ్ దొర తీర్పు

ఉరితాడు డొనఖ మెడలో పడగానే అతని తల్లి సాయివ్ వెళ్లి కెప్టెన్ కాళ్లకు అడ్డం పడింది.

“నా బిడ్డ కావాలని చెయ్యలేదు బాబూ! బంతాటలో బంతిని కొట్టబోతే కర్ర తగిలింది.”

“తల పగిలింది. మనిషి పోయాడు. రాజుగారి చట్టానికి ఆటలు తెలియవు,” అన్నాడు కెప్టెన్ థోరొల్డ్. అతను డబ్లిన్ నుంచి నిన్ననే వచ్చాడు.

“ఆటలో దెబ్బలకు ఉరివేస్తే ఐర్లండులో మగాళ్లు మిగలరు కెప్టెన్ గారూ, తాళ్లూ మిగలవు,” అన్నాడు కమ్మరి ఫియాక్రా. ఎవరూ నవ్వలేదు.

సాయివ్ గుడిసెలోంచి మెరిగ్ దొర వంగి బయటికి వచ్చాడు. జనం దారి ఇచ్చారు.

“తాడు తియ్యండి. ఇక్కడ తీర్పు చెప్పేది నేను.”

కెప్టెన్ నవ్వాడు. “బల్లెం మోసుకుంటూ ఓడ దిగిన వేల్స్ సిపాయివి. రాజుగారు నిన్ను ఐర్లండులో ప్రభువును చేస్తే, నువ్వు ఏకంగా ఐరిష్ వాడివే అయిపోయావు. భాష వాళ్లది, కప్పుకున్న దుప్పటి వాళ్లది. తీర్పు కూడా వాళ్లదేనా?”

“వాళ్లదే. వాళ్ల మధ్యే బతుకుతున్నాను.”

“ఏమిటో ఆ తీర్పు?”

“పోయినవాడి మనుషులు క్షమిస్తే, చంపినవాడి ప్రాణం తియ్యరు.”

“నేను క్షమించాను దొరా!” అంది సాయివ్. “వీణ్ని కన్నాను. పోయినవాణ్ని మా ఆచారం ప్రకారం నెలల పిల్లాడప్పుడే పెంచమని నా ఒడిలో పెట్టారు. ఇద్దరికీ పాలిచ్చాను. ఇద్దరూ నా కొడుకులే.”

“పెంచినదాని మాట చాలదు,” అన్నాడు కెప్టెన్. “గుడిసెలో శవాన్ని చూశాను. మోకాళ్లదాకా బురద, చేతులు కాయలు కాసి ఉన్నాయి. ఎవడో రైతుబిడ్డ. వాణ్ని కన్న తండ్రి ఏడీ? ఇంతమంది ముందు అతను వచ్చి క్షమించానంటే, ఈ తాడు నేనే విప్పుతాను. కానీ ఏ తండ్రీ ఆ మాట అనడు.”

ఫియాక్రా టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. మిగతావాళ్లు నేలకేసి చూస్తూ ఉండిపోయారు.

దొర డొనఖ దగ్గరికి నడిచి, అతని భుజం మీద చెయ్యి వేశాడు.

“క్షమించాను. ఇక విప్పండి కెప్టెన్,” అన్నాడు. “లోపల ఉన్నది నా ఒక్కగానొక్క కొడుకు.”