అరవంలో అడిగిన మాట

"దగ్గు ఎందుకొస్తాదో చెప్పు చూస్తాం!" రామాంజినప్ప కోడలి ఫోన్లోని ఏఐని గద్దించాడు.

అది తెలుగులో ఏవో కారణాలు చెప్పింది.

"చూడు గంగా, పుస్తకం చదివినట్టు వాగుతాది. కేజీఎఫ్ బంగారు గనిలో దుమ్ము మింగినోడికి ఇదా చెప్పేది?"

"కన్నడంలో అడుగు మామా," అంది గంగ నవ్వుతూ.

కన్నడంలో అడిగినా అదే జవాబు. ఆయన ఛీ కొట్టాడు.

బూదికోట పల్లె నుంచి కోడలిగా వచ్చిన గంగకు తమిళం రాదు. ఆయన ముఖం తిప్పుకొని, గొంతు తగ్గించి, గనిలో నేర్చిన తమిళంలో ఏదో అడిగాడు.

ఏఐ గట్టిగా తెలుగులోనే బదులిచ్చింది: "రెండు నెలలుగా దగ్గులో రక్తం పడుతుంటే ఆలస్యం చేయకండి. ఈరోజే డాక్టరుకు చూపించుకోండి."

గంగ నవ్వు ఆగిపోయింది.

"థూ! అరవంలో అడిగితే తెలుగులో చెప్తాదే, బుద్ధిలేని దరిద్రం!" ఫోన్‌ను మంచం మీదికి విసిరాడు.

"బుద్ధి లేనిది నీకు మామా. ఊరూ పేరూ లేనిదాంతో చెప్పినావు. రోజూ అన్నం పెట్టే నాతో చెప్పలేదు."

"భయపడతావని..."

"పడితే పడతా. చొక్కా వేసుకో, ఆస్పత్రికి పోదాం."

ఆయన చొక్కా తొడుక్కున్నాడు. మళ్ళీ దగ్గు వచ్చి గుండీలు పెట్టుకోలేకపోతే గంగే పెట్టింది.