మంగతాయారు తిట్లు

కాకినాడలో కాపురముంటున్న విదేశీయులందరి చెవుల్లోనూ అనువాద యంత్రం ఉంటుంది. తెలుగువాళ్ల తిట్లను కూడా అది తేనెపూసి వినిపిస్తుంది. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన మారిసోల్ మాత్రం దాన్ని ఎప్పుడో తీసి పారేసి, వచ్చీరాని తెలుగుతో నెట్టుకొస్తోంది. అదే మేడలో ఎదురు వాటాలో ఉండే మంగతాయారు ఆమెను రోజూ నోరారా తిడుతుంది. అది చూసినప్పుడల్లా, పదేళ్లుగా అక్కడే ఉంటున్న జర్మనీ మనిషి హెల్గాకు ఒళ్లు మండిపోతుంది. తనకు దక్కేవన్నీ నమస్కారాలే.

ఆ రోజు ఇక తట్టుకోలేకపోయింది. చెవిలోని యంత్రం తీసి జేబులో వేసుకుని, డాబా మీద మంగతాయారు ఎండబెట్టిన వడియాల మీద చెప్పులతో నడిచింది. పటపటా విరిగాయి. తిట్టు పోల్చుకునేంత తెలుగు ఆమెకూ వచ్చు. ఆశగా నిలబడింది.

మంగతాయారు పరుగున వచ్చింది. వడియాలను చూసింది, హెల్గాను చూసింది, నవ్వేసింది.

"పర్లేదులెండి. మీకేం తెలుసు, పాపం!"

పక్కనే బట్టలు ఆరేస్తున్న మారిసోల్ మీద మాత్రం విరుచుకుపడింది.

"ఏమే, నీ కళ్లేమయ్యాయే? ఇక్కడే ఉండి ఆవిడకి చెప్పొద్దుటే?"

మారిసోల్ నవ్వు ఆపుకుంటూ తల వంచుకుంది. హెల్గాకు ఏడుపొచ్చింది. అవి తను కష్టపడి సంపాదించుకున్న తిట్లు.