అర్థమైంది సార్

మరిచిపోయిన కళ్లజోడు కోసం లెక్కల మాస్టారు వెనక్కి వచ్చేసరికి, తరగతిలో ఆయన పాఠమే మళ్లీ మొదటి నుంచి నడుస్తోంది. బోర్డు దగ్గర నిలబడి చెబుతున్నది ఆఖరి బెంచీ పిల్ల.

"ఇదేంటి? ఇందాక అర్థమైందా అంటే, అయిందని అందరూ గొంతు చించుకున్నారుగా?"

"అవును సార్," అంది ఆ పిల్ల, సుద్దముక్క దాచకుండానే. "కాలేదంటే మీరు మళ్లీ అదే చెప్తారు. ఇంకాస్త గట్టిగా."

మాస్టారికి కోపం రావలసిందే. కానీ పీరియడ్ అయిపోయింది.

"సరే, నువ్వేం ఊడబొడుస్తున్నావో నేనూ వింటాను," అంటూ వెళ్లి ఆఖరి బెంచీలో ఇరుక్కున్నారు. మోకాళ్లు పట్టలేదు.

"లీటరు పాలకి పావు లీటరు గ్లాసులు నాలుగు. అర లీటరైతే ఆ నాలుగులో సగం. అందుకే పావుతో భాగించమంటే నాలుగుతో గుణిస్తాం."

మాస్టారు ఇన్నేళ్లుగా "తిరగెయ్యండి, గుణించండి" అనే చెబుతున్నారు. ఎందుకని పిల్లలూ అడగలేదు, ఆయనా తనని తాను ప్రశ్నించుకోలేదు.

"అర్థమైందా సార్?"

"ఆఁ, అర్థమైంది," అన్నారు మాస్టారు, లేచి వెళ్లి బల్ల మీది కళ్లజోడు అందుకుంటూ.

తరగతంతా కిసుక్కుమంది. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. వచ్చి సుద్దముక్క ఆయన చేతిలో పెట్టింది.

"ఆ మాట మీ పీరియడ్‌లో చెల్లుతుంది సార్. ఇక్కడ చేసి చూపించాలి."