పోర్చ్ వారి వంశమూలం

మా చర్చి గుమ్మం ముందరి పోర్చ్‌లో దేశదిమ్మరులు పడుకోకుండా ఇనుప గేటు పెట్టించాలని కర్నల్ పోర్చ్ పట్టుబట్టాడు. ఆయన మాటకు పాదిరీ గారే ఎదురు చెప్పరు, తాళాలు చూసుకునే నేనెంత.

"మాది వందల ఏళ్ల కిందట ఈ దేశాన్ని గెలిచిన నార్మన్ రాజుతో ఓడ దిగిన వంశం, టిబ్బెట్. మీ రిజిస్టర్లో ఉండే ఉంటుంది, చూపించు," అన్నాడు ఓ రోజు.

రెండు వందల ఏళ్లనాటి బాప్తిస్మాల పుస్తకం తెరిచాను. "మీరే చదువుకోండి దొరా."

ఆయన పైకే చదివాడు: "థామస్ పోర్చ్. మంచు కురిసిన ఉదయం చర్చి పోర్చ్‌లో దొరికిన పసివాడు. తల్లిదండ్రులెవరో తెలియదు."

"అప్పట్లో అంతేనండి. బిడ్డ ఎక్కడ దొరికితే ఆ చోటే ఇంటిపేరు."

ఆయన పోర్చ్‌లోకి వెళ్లి రాతిబల్లను చేత్తో తడిమాడు. "గేటు వద్దులే. బల్లమీద రెండు కంబళ్లు వేయించు. ఈ సంగతి ఎవరితోనూ అనకు టిబ్బెట్."

"నా నోట రాదు దొరా."

ఆయన వెళ్లాక, అంతసేపూ నా అరచేయి కప్పి ఉంచిన కింది వరుస మరోసారి చదువుకున్నాను.

"మర్నాడు తల్లి వచ్చి బిడ్డను తీసుకుపోయింది. ఇకపై వీడు థామస్ టిబ్బెట్."

కంబళ్లు పరుస్తూ మా ముత్తాతగారి తాతను, ఆ థామస్‌నే, తలుచుకున్నాను. కర్నల్ గారిది నిజంగానే రాజుతో ఓడ దిగిన వంశమేమో, నేను కాదనను.