చౌడప్ప పెట్టిన కాపలా

ప్రతి ఎన్నికలోనూ నా ఓటును తన మనుషుల చేత వేయించిన చౌడప్పను మెచ్చుకోవలసి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు.

మా జమ్మలమడుగు కాలేజీలో పిల్లల మనసుల్ని పరీక్షించిన డాక్టరమ్మ, అతణ్ని నా గదికే పిలిపించింది.

"మీ అబ్బాయి గంగాధర ప్రాణానికి ప్రమాదముంది. మందులిస్తాను. కొన్నాళ్లు ఒంటరిగా వదలొద్దు."

"ఎవుడమ్మా వాడు? పేరు చెప్పు, సాలు," అన్నాడు చౌడప్ప.

ఆమె ఓపికగా అంతా వివరించింది. అతను తలూపి వెళ్లిపోయాడు. ఆ తలకు ఏమైనా ఎక్కిందని నేను నమ్మలేదు.

మరునాడే ఇద్దరు మీసాలవాళ్లు హాస్టల్లో దిగారు. గంగాధర స్నానానికి పోతే తలుపు బయట, క్లాసుకొస్తే వెనక బెంచీలో. నా పాఠానికి గురక కూడా పెట్టారు. సాయంత్రాలు వాడితో పులిజూదం ఆడేవారు.

"మా పులిని మళ్లా కట్టేసినావు గదప్పా. ఇంగొక ఆట ఆడందే నిన్ను వదిలేది లే."

ఎన్నాళ్లకో గంగాధర పకపకా నవ్వాడు.

మనసు జబ్బుకు ఫ్యాక్షన్ కాపలా పెట్టిన ఆ మొద్దును ఎగతాళి చేద్దామని, "శత్రువు దొరికినాడా చౌడప్పా?" అన్నాను.

"దొరికినాడు సారూ. వాడూ మా గంగాధరే. అందుకే ఈతూరి మావాళ్లతో కత్తులు ఇంట్లో పెట్టించి, పులిజూదం పలక ఇచ్చి పంపినా."