హవల్దారు ఆరా

"ఒక్కడు గూడ ముద్ద ముట్టొద్దు. ముందుగాల నాకు జవాబు గావాలె," అంటూ హవల్దారు హనుమండ్లు విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డాడు.

లక్సెట్టిపేట చర్చి ఆవరణలో బంతిలో కూర్చున్న పాత సిపాయిల చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. విస్తళ్లలో పప్పు పొగలు కక్కుతోంది. తన విస్తట్లో పప్పు పడకముందే హనుమండ్లు పొగలు కక్కుతున్నాడు. ఫౌజు వదిలి ఏళ్లు గడిచినా ఆయన మాట వాళ్లకు ఆర్డరే. పరేడు లేకపోతే ఆయన పరేషాను, ఆయన పరేడు మొదలుపెడితే పక్కవాళ్లు పరేషాను. ఛాతీ మీద మెడల్స్ రెండే గాని, మెడ మాత్రం ఎవరి ముందూ వంగింది లేదు.

ఆయన కోపమంతా బడిపంతులు దేవదానం మీద. పేరులోనే దానం ఉన్న మనిషి. ఆ ఇంటి నుంచి బర్మా యుద్ధానికి వెళ్లి వచ్చిన ప్రాణం ప్రభువు దగ్గరికి చేరి ఏడాదయిందని, ఆ పేరు మీద ఏటా ఇదే రోజున ఫౌజీలకు అన్నం పెట్టి, తలా ఒక దుప్పటి కప్పుతానని దేవదానం దేవుడికి మాటిచ్చాడని పాస్టరు ఇందాక ప్రార్థనలో చెప్పాడు.

అక్కడే హనుమండ్లుకు ముల్లు గుచ్చుకుంది. చైనా యుద్ధం అయిన కాడి నుంచి ఊరికో దొంగ ఫౌజీ పుట్టుకొస్తున్నాడని ఆయన అనుమానం. ఈ చుట్టుపక్కల నుంచి బర్మా వెళ్లిన ప్రతివాడూ పెద్దపల్లి స్టేషనులో తనతోపాటే రైలెక్కాడు. చాలామంది తిరుగు రైలు ఎక్కలేదు. వాళ్ల సరసన ఎవడో ఉత్తుత్తి వీరుణ్ణి కూర్చోబెడితే, ఆ అన్నం తన గొంతు దిగదు.

"పంతులూ, మీ బాపు ఏ పల్టన్ల జేసిండు?"

"అది గాదు సాబ్, మా..." అని దేవదానం నోరు తెరిచాడు. హనుమండ్లు దాన్ని అక్కడే మూయించాడు. కన్నతండ్రి మీద అంత ప్రేముంటే సమాధి కట్టుకోవాలి గాని కథ కట్టకూడదని, పోయినవాణ్ణి పొగడాలంటే ముందు వాడు పోయిన చోటు చెప్పాలని దంచేశాడు. ఆకలి మీదున్న సిపాయి ముష్తాక్, ముందు తిని తర్వాత తిట్టుకుందామని గొణిగాడు. ఆ గొణుగుడు పప్పులో ఇంగువలా వాసన వచ్చిందే గాని పని చేయలేదు.

అంతలో పప్పు బకెట్టు పట్టుకున్న ముసలాయన హనుమండ్లు విస్తరి దాకా వచ్చి ఆగాడు. భుజాన తువ్వాల, చేతిలో గరిటె. వంటవాడే. ఇంటి గుట్టు ఇతన్నే అడగాలని హనుమండ్లు అటు తిరిగాడు.

"ఏమయ్యా పెద్దమనిషీ, గీ పంతులు వాళ్ల బాపు నీకెరుకనా?"

"మంచిగెరుక సాబ్."

"ఎన్నడన్న తుపాకి పట్టిండా?"

"గరిటె దప్ప ఏం బట్టలే."

"బర్మా జూసిండా?"

"మంచిర్యాల దాటలే."

సాక్ష్యం దొరికింది. హనుమండ్లు గెలిచినవాడిలా బంతి వైపు చూశాడు. సిపాయిలు ఒక్కొక్కరే విస్తళ్లు వదిలి లేస్తున్నారు. ఏడాదిగా ఈ రోజు కోసమే కాచుకున్న దేవదానం, కళ్లలో నీళ్లు కనబడకుండా తల దించుకున్నాడు.

"గింత ఖచ్చితంగ నీకెట్ల తెలుసు?" హనుమండ్లు ఆఖరి గుండు పేల్చాడు.

"నేనే గద సాబ్ వాని బాపును," అన్నాడు ముసలాయన.

లేచినవాళ్లు లేచినట్టే ఆగిపోయారు. బతికున్న మనిషికి ఏడాది ప్రార్థన ఏమిటో, ఆ ప్రార్థన అయ్యాక ఆయనే వచ్చి పప్పు వడ్డించడమేమిటో హవల్దారు బుర్రకు అందలేదు.

"మరి పాణం బోయిన ఫౌజీ ఎవలయ్యా?" అని అడిగాడు. ఆయన గొంతు తగ్గగా సిపాయిలు వినడం అదే మొదటిసారి.

ముసలాయన బకెట్టు కింద పెట్టి, నడుం నిటారుగా చేసుకుని, బంతి చివరిదాకా వినబడేటట్టు చెప్పాడు:

"ఫౌజుకు పోయింది నా పెండ్లాం సాబ్, లెఫ్టినెంట్ నర్సు మార్తమ్మ, బర్మాల మీ అసొంటి హవల్దార్లు ఆమెకు సలాం గొట్టేటోళ్లు, గీడ పిల్లగాన్ని సాకుకుంట వంట జేసింది నేను."