సోమవారం గడువు

"మా ఆవిడ మిషన్ ఆపకు తల్లీ."

దలెందా తలుపు తీయగానే ఎదురుగా నిలబడ్డ ముసలాయన అన్న మొదటి మాట అది. మెట్లెక్కి వచ్చిన ఆయాసంతో రొప్పుతున్నాడు. ఒక చేతిలో ఆ రోజు పేపరు, ఇంకో చేతిలో ఆలివ్ నూనె సీసా.

పొద్దుటి నుంచీ ఫోన్లో వింటున్న గోల ఇప్పుడు గుమ్మం దాకా వచ్చిందన్నమాట.

"లోపలికి రా బాబాయ్. నేను ఏ మిషనూ ఆపడం లేదు."

"పేపర్లో వేశారుగా. సోమవారం నుంచి డయాలసిస్ బంద్ అట. డబ్బు ముడితే గానీ ఊరుకోనన్నావట." పేపరు మడత విప్పి చూపించాడు. "ఇదిగో నీ ఫొటో. నవ్వుతున్నావు కూడా."

"అది మా చెల్లెలి పెళ్లిలో తీసింది," అంది దలెందా నీరసంగా.

ఆయన పేరు హమ్మాదీ. కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఇప్పటికే ఎంతమందికి చెప్పిందో ఆ మాటలే మళ్లీ మొదలుపెట్టింది.

"డయాలసిస్ కేంద్రాల్లో ఎవరికి ఏ రోజు, ఏ మిషన్ అని వరస వేసే ప్రోగ్రాం ఒకటుంది. రాసింది నేనే. ఊరికే ఇచ్చేశాను. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఒక్కటే షరతు. మార్చి అమ్మితే, ఏం మార్చారో అందరికీ కనపడేలా బయట పెట్టాలి. ట్యూనిస్‌లో ఒక కంపెనీ దాన్ని మార్చి ఆస్పత్రులకు అమ్ముకుంటోంది. ఏం మార్చిందో మాత్రం చూపించదు."

"చూపిస్తే నీకేమొస్తుంది?"

"నాకేం రాదు. వాళ్లు మార్చిన దాంట్లో ఎక్కడో తప్పు దొర్లింది. ఉండుండి ఒక పేరు వరసలోంచి జారిపోతోంది. చూస్తేనే కదా సరిచేసేది."

హమ్మాదీ టీ గ్లాసు కింద పెట్టాడు.

"రంజాన్‌కి ముందు మా ఆవిడ పేరు కూడా లేదన్నారు. వెనక్కి పంపేశారు. ఒళ్లంతా నీరు పట్టేసింది దానికి. తేదీ మీరే మరిచిపోయుంటారని మమ్మల్నే కసిరారు."

దలెందా ఆ తేదీ అడిగి ఒక కాగితం మీద రాసుకుంది.

"మరి ఈ సోమవారం గొడవేమిటి?" అన్నాడాయన.

"ఆ లోపు నా ఉత్తరాలకు జవాబివ్వమని కంపెనీకి గడువు పెట్టాను. అంతే బాబాయ్."

హమ్మాదీ లేచాడు. నూనె సీసా బల్ల మీద పెట్టి, వద్దంటున్నా వినకుండా గుమ్మం వైపు నడిచాడు.

"నువ్వు చెప్పేది బాగానే ఉంది తల్లీ. కానీ లేనిదే పేపర్లో ఎందుకు వేస్తారు?"

ఆయన మెట్లు దిగిపోయాక పేపరు సంపాదకుడు తిజానీకి ఫోన్ చేసింది.

"మీ విలేకరికి అంతసేపు విడమరిచి చెప్పాను. ఉచితం అంటే దొంగ సాఫ్ట్‌వేర్ అని రాశాడు. గడువు అంటే బంద్ అని రాశాడు."

"ఉచితంగా ఇచ్చిన దానికి ఇప్పుడీ తగాదా ఏమిటి మేడం? చదివేవాడికి అర్థం కావాలి కదా."

"తగాదా డబ్బు గురించి కాదు, షరతు గురించి."

"షరతు అని హెడ్డింగ్ పెడితే ఎవరు చదువుతారు చెప్పండి."

"రోగుల తాలూకు వాళ్లు మా ఇంటికొస్తున్నారండీ. ఇప్పుడే ఒక పెద్దాయన బతిమాలి వెళ్లాడు."



"సరే. రేపటి పేపర్లో సవరణ వేస్తాను. మీరే రాసి పంపండి. మళ్లీ పాఠం చెప్పకండి, క్లుప్తంగా ఉండాలి."

దలెందా రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. 'సోమవారం ఏ మిషనూ ఆగదు. ఆపే ఉద్దేశమూ, వీలూ ఆమెకు లేవు.' ఆ మాటల దగ్గర ఆపి పంపేసింది. మొదటి పేజీలోనే వేస్తున్నామని తిజానీ జవాబిచ్చాడు. అప్పుడు గానీ ఆమెకు పొద్దుటి నుంచీ ఏమీ తినలేదని గుర్తురాలేదు.

రొట్టె తుంచబోతుంటే మళ్లీ బెల్లు మోగింది. ఈసారి వచ్చింది కంపెనీ లాయరు ఫఖ్రీ. ట్యూనిస్ నుంచి ఎక్కడా ఆగకుండా వచ్చానన్నాడు. టై సగం ఊడి ఉంది.

"మేడం, ఆస్పత్రుల వాళ్లు పొద్దుటి నుంచీ మమ్మల్ని పీక్కు తింటున్నారు. మంత్రిగారి ఆఫీసు నుంచి కూడా ఫోనొచ్చింది. రాజీకొద్దాం. రేపు ఆదివారం సాయంత్రానికల్లా మేం మార్చిందంతా బయట పెట్టేస్తాం. డబ్బెంతో మీరే చెప్పండి."

"డబ్బు వద్దు. నా ఉత్తరాల్లో రాశానుగా."

"ఏ ఉత్తరాలు?"

దలెందా అతని ముఖంలోకి చూసింది. ఆ మనిషి నిజంగానే అడుగుతున్నాడు.

"ఇక్కడ కూర్చుని ఆపెయ్యడం ఎవరి తరమూ కాదని మీ ఇంజనీర్లు చెప్పలేదా?"

"చెప్పారు. పేపర్లో అంత స్పష్టంగా వేస్తే మీ మాటెలా నమ్మనని మా ఛైర్మన్ వాళ్ల మీద కేకలేశారు." గొంతు తగ్గించాడు. "ఆదివారం మేం బయట పెట్టేస్తే, సోమవారం ఏదీ ఆగదు కదా?"

"ఆగదు," అంది దలెందా. అది అబద్ధం కాదు.

అతను వెళ్లాక చాలాసేపు కూర్చుండిపోయింది. హమ్మాదీ ఇంటికెళ్లి భార్యకు ఏం చెప్పి ఉంటాడో, ఈ రెండు రాత్రులూ ఎన్ని ఇళ్లలో జనం కంటి మీద కునుకు లేకుండా గడుపుతారో ఆలోచించింది. వరసలోంచి ఈసారి జారిపోయే పేరు ఎవరిదో కూడా ఆలోచించింది. ఆ తర్వాత ఫోన్ తీసింది.

"మీ సవరణ పేజీలో పెట్టేశాం మేడం," అన్నాడు తిజానీ. "అక్షరం కూడా మార్చలేదు."

"చాలా థాంక్సండీ," అంది దలెందా. "దాన్ని సోమవారం దాకా ఆపగలరా?"